బుద్ధిమాంద్యము గలవారికిఁ బనియుఁ బంక్తియు

(కురుపామున మన సంఘ వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



మన మహాసభలలో విద్యార్థి వేతనములను గూర్చియు, వసతిగృహములను గూర్చియు, వివాహవ్యయమును దగ్గించుటను గూర్చియు నుపన్యాసములు జరుగుట వాడుక. పరీక్షలలోఁ బ్రథమశ్రేణి నందిన బాలబాలికలకు ఈ వేదికమీఁదనే బహుమానము లిచ్చుచున్నాము. అది యుక్తమే. కాని పరీక్షకుఁ గూర్చుండఁజాలని వారును మన యిండ్లలోఁ గలరు. వారి పేళ్లు మన కార్యక్రమ పత్రికలలో నెన్నఁడును గానరావు. నేఁడు వారిని గూర్చి నాలుగు మాటలు విన్నవింపఁ దలఁచితిమి.

మేము చెప్పువారు పిచ్చివారు కారు. ఉన్మాదము నడుమ వచ్చు వ్యాధి, చికిత్సచేఁ దగ్గవచ్చును. బుద్ధిమాంద్యము పుట్టుకతోనో బాల్యములోనో కలుగు స్థితి. మందుతోఁ బోవునది కాదు. శిక్షణచే నెంతయో మెఱుగుపడును. కారణములు పెక్కులు. ప్రసవకాలమున శిశువునకుఁ బ్రాణవాయువు చాలకుండుట, శైశవమున మెదడునకు సోఁకు జ్వరము, గర్భిణికి అయొడిను కొఱఁత, డౌను లక్షణమువంటి జన్మభేదములు. వంశమున వచ్చునవి కొన్ని మాత్రమే. వానియందు మేనరికము ప్రమాదమును గొంత పెంచును. కావున ఒక యింట నట్టి బిడ్డ యున్నంతమాత్రమున ఆ యింటికెల్ల దోషము గట్టుట తగదు. 2011 జనాభా లెక్కలలో నిట్టివారు దేశమున సుమారు 15 లక్షల మందిగాఁ దేలిరి.

మన యిండ్లలో నేమి జరుగుచున్నది? చిన్నతనమున బడికిఁ బంపుదుము. పండ్రెండేండ్లు వచ్చునప్పటికి మానిపింతుము. పిదప ముప్పది నలువది సంవత్సరముల జీవితము మిగిలియుండును. అక్కకుఁ బెండ్లిచూపు లనఁగానే తమ్ముని పెరటిగదిలోనికిఁ బంపుదురు. సంబంధము తప్పిపోవునని భయము. విందునాఁడు బంధువు లందఱు పంక్తిలోఁ గూర్చుండఁగా ఆతనికి విస్తరి వంటయింటి వెనుకఁ బడును. మఱికొందఱు పెండ్లి చేసినచోఁ గుదురుకొనునని తలఁచి, ఏమియు నెఱుఁగని పరాయి పిల్ల మెడకు ఆ భారమును దగిలింతురు. తల్లి యున్నంతదాఁక ఆఁకలి యెఱిఁగి పెట్టును. తల్లి పిదప నెవరు? బిడ్డకంటె ఒక్క దినము వెనుకఁ బోవునట్లు వరము వేఁడుకొను తల్లులను మేము పెక్కుమందిని జూచితిమి. తల్లి తన బిడ్డకుఁ ముందుగాఁ జావు కోరుకొనవలసిన స్థితి మన సంఘమునకు శోభ గాదు.

పూర్వుల ధర్మ మేమి? మనుస్మృతి జడునకు దాయభాగము లేదనియు, జీవితాంతము అన్నవస్త్రము లీయవలెననియు విధించినది. 1928వ సంవత్సరపుఁ జట్టము రోగులకును అంగవైకల్యము గలవారికిని భాగము నిచ్చియుఁ, బుట్టుకనుండి జడులైనవారిని వెలుపలనే నిలిపినది. 1956 హిందూ వారసత్వ చట్టము ఆ భేదమును దుడిచివైచినది. వైకల్యము కారణముగా నెవరికిని భాగము తప్పదు. అయినను "వానికి మేము పెట్టుకొందుము లెండి" యని యన్నదమ్ములు ఆతని భాగమును గలుపుకొనుట నేఁటికిని మన యూళ్లలోఁ గలదు. ఇది చట్టవిరుద్ధము. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్టు చట్టము ననుసరించి, పదునెనిమిదేండ్లు దాఁటినవారికి సంరక్షకుని నియమించుటకుఁ గలెక్టరుగారితోఁ గూడిన జిల్లాసమితి యుండును. సంరక్షకుఁడు ఆఱు నెలలలో ఆస్తిపట్టికను దాఖలు చేయవలెను. ఏఁటేఁట లెక్క యొప్పగింపవలెను. 2022లో మన మన్యము జిల్లా యేర్పడినది గనుక ఈ పనికి విజయనగరము పోనక్కఱలేదు, పార్వతీపురమే చాలును. తల్లిదండ్రులారా, మీ కాలుసేతు లాడుచుండఁగనే ఈ యేర్పాటు చేయుఁడు.

అన్నవస్త్రములతో ధర్మము ముగిసినదా? ముగియలేదని మా మనవి. భాగవత పంచమస్కంధమున జడభరతుని కథ మీ రెఱిఁగినదే. తెనుఁగున దానిని రచించినవాఁడు గంగన. అన్నలు ఆతనిని జేనికిఁ గాపు పెట్టిరి. ఎవరు పిలిచిన వారి పని చేసెను. నూకలో తెలికపిండియో యేది పాఱవైచిన నది తినెను. తుదకు రాజు పల్లకి మోయించిరి. ఆయన మహాజ్ఞాని, కథకుఁ దత్త్వార్థము వేఱు. కాని జడుఁడని తలఁచినవానితో లోకము వర్తించు తీరు దానియందు యథాతథముగా నున్నది. ఆ పద్ధతి నేఁటికిని బోలేదు. దొడ్డి యూడ్చును, నీళ్లు మోయును, పసులఁ గాచును; పండుగనాఁడు పాఁత చొక్కా యొకటి. ఒకనికిఁ బనియే లేదు. వేఱొకనికిఁ బని కలదు గాని కూలి లేదు. ఈ రెండును అన్యాయములే.

పని చేసినచోఁ గూలి యీయవలెనన్నంత మాత్రమునఁ, బని చేయలేనివాఁడు వ్యర్థుఁడని యర్థము గాదు. మనుష్యుని ప్రయోజనముతోఁ దూఁచిన నేమగునో చరిత్ర చూపినది. 1939 మొదలు జర్మనీలో హిట్లరు ప్రభుత్వము మనోరోగులను, బుద్ధిమాంద్యము గలవారిని సంఘమునకు భారమని లెక్కగట్టి చంపించినది. 1941 ఆగస్టునాఁటికే విషవాయువుచే మడిసినవారు సుమారు 70,000. ఆ ప్రభుత్వమునకు జడిసి వియన్నా విడిచిన కార్ల్ కోనిగ్ అను వైద్యుఁడు 1940లో స్కాట్లండున అబర్డీను చెంతఁ గ్యాంపుహిల్ అను నివాసమును నెలకొల్పెను. అచ్చట నట్టివారును, వారికిఁ దోడుపడువారును ఒక్క యింటనే వసించి, ఒక్క బల్లయొద్దనే భుజించి, తోఁటపని, వడ్రంగము, నేఁత కలసి చేయుదురు. అట్టి గ్రామములు పిదపఁ బెక్కు దేశములలో వెలసినవి. బెల్జియములోని గీల్ పట్టణము ఇంకను బ్రాచీనము. మనోరోగులను, మందబుద్ధులను గృహస్థులు తమ యిండ్ల నుంచుకొని పోషించుట అచ్చట అనేక శతాబ్దుల యాచారము. 1938లో నట్టి యతిథులు 3,700 మందికిఁ బైగా నుండిరి. పని జీవనమునకుఁ జెల్లించు వెల కాదు. జీవనములో నొక భాగము. ఇదియే మేము ముఖ్యముగాఁ జెప్పఁదలఁచిన మాట.

తెలుఁగునేలయు దీనికిఁ గొత్త కాదు. సికింద్రాబాదున 1984లో నేర్పడిన జాతీయసంస్థ మనోవికాసనగరమున నుపాధ్యాయులకు శిక్షణ నిచ్చుచున్నది. అదే పట్టణమున 1991లో మంజులా కల్యాణ్ గారు స్థాపించిన స్వయంకృషి, పెద్దవారైన మందబుద్ధులు చిన్న చిన్న గృహములలోఁ గలసి కాపురముండి పని చేసికొను మార్గమును జూపినది.

కాని పట్టణపుఁ బని మన కేల? కురుపాము సంతకు వచ్చు సరకులనే చూడుఁడు. చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు. ఈ వస్తువుల వర్తకము 1956లో నేర్పడిన గిరిజన సహకార సంస్థకును గలదు. వీనిలోఁ బ్రతిదానియందును చిన్న చిన్న మెట్లున్నవి. చింతకాయ పెంకు కొట్టుట, ఈనె లాగుట, పిక్క తీయుట, ముద్ద చేయుట. ఒకఁడు నాలుగు మెట్లును నేర్వనక్కఱలేదు. ఒక్కటి చక్కగా నేర్చిన చాలును. జీడిపిక్క కొట్టుట మాత్రము వలదు. ఆ నూనె చేతులను గాల్చును.

నేర్పువిధము గూడఁ జెప్పెదము. పనిని మెట్లుగా విడఁదీసి, కడపటి మెట్టును ముందు నేర్పవలెను. విస్తరి యంతయుఁ గుట్టి, కడపటి పుల్ల యొక్కటి ఆతనిచే గ్రుచ్చింపుఁడు. పూర్తియైన విస్తరి ఆతని చేతినుండియే వెలువడును. సంతోషముచే మఱునాఁడు రెండు పుల్లలు గ్రుచ్చును. లెక్క రానివానికిఁ బలకమీఁదఁ బది వలయములు గీయుఁడు. వలయమున కొక్క యాకు. వలయములన్నియు నిండిన నొక కట్ట. తూఁకము తెలియనివానికి నొక డబ్బా యిండు; అది నిండిన నొక కొలఁత. ఉపాధ్యాయులమై ముప్పదేండ్లకుఁ బైగాఁ బిల్లల నడుమ గడపిన మా తలంపున, మందుఁడైన శిష్యునకుఁ గావలసినది పెద్ద గొంతుక గాదు, చిన్న మెట్టు.

ఇఁక మా విన్నపములు. మొదటిది, మన సభ్యుల పట్టికలలో నిట్టివారి పేళ్లను, ఇంటివారి యనుమతితో, దాఁపరికము లేక వ్రాయవలెను. రెండవది, కురుపామున సంఘము పక్షమునఁ బదిమందికి సరిపడు పనిశాల యొకటి కట్టి, శిక్షణ నందిన యొకరిని నియమింపవలెను. దానిని మనవారికే పరిమితము చేయరాదు. కొండలలోని సవర, జాతాపు కుటుంబములలోను, ఊరిలోని యితర కులములలోను ఈ దుఃఖము గలదు. బుద్ధిమాంద్యము కులము నడిగి రాదు. మూఁడవది, కూలి ఆ వారమునకా వారము వారి చేతికే యీయవలెను; కొలఁది సొమ్మైనను దానితో సంతలోఁ దనకుఁ దానే మిఠాయి కొనుక్కొను స్వాతంత్ర్య ముండవలెను. వికలాంగుల పింఛను 2024 జూలై మొదలు నెలకు 6,000 రూపాయలుగాఁ జేయఁబడినది. అది వారి పోషణమునకు, కూలికి బదులు గాదు. నాలుగవది, పోషకులారా! ఒకనాఁటి భోజనము పెట్టి ఛాయాచిత్రము దీయించుకొనుటకంటె, మీ యింటి పెండ్లికి వలయు విస్తళ్లను ఆ పనిశాలలోఁ గొనుట మేలైన దానము. కొనువారు లేని పనిశాల మఱియొక పెరటిగది యగును.

కడపటి విన్నపమునకు వ్యయమే లేదు. వచ్చు వార్షికసభ విందులో వారికి మన పంక్తిలోనే, మన ప్రక్కనే విస్తరి వేయుఁడు. అన్నము చిందిన సర్దుఁడు. బిగ్గఱగా నవ్విన నవ్వనిండు. తల్లి చూచుచుండఁగా అది జరుగవలెను. తన పిదపను బిడ్డకుఁ జోటున్నదని ఆమెకుఁ దెలియవలెను.



స్వస్తి.