నఱకనివాని హక్కు



బోర్నియో ద్వీపమున మలేషియాకు చెందిన సరవాక్ రాష్ట్రము కలదు. అందు బరమ్, లింబాంగ్ నదుల యెగువనున్న వర్షారణ్యములలో పెనాను లను జాతివారు తరతరములుగా జీవించుచున్నారు. వారిని గూర్చి నాలుగు మాటలు మీకు విన్నవింప గోరుచున్నాను.

పెనానులు పూర్వము ఒకచోట నిలుకడగా నుండువారు కారు. కొండసాగో యను తాటిజాతి చెట్టు వారికి అన్నదాత. దాని కాండమును చీల్చి, లోని బెండును నీటితో త్రొక్కి పిండి తీయుదురు. ఈ చెట్టు గుంపుగా పెఱుగును. ముదిరిన కాండమును మాత్రమే కొట్టి, లేతవానిని విడిచి, వేఱొక తావునకు పోయి, కొన్ని యేండ్లకు మరల వత్తురు. ఇట్లు రేపటికై మిగిల్చి కాచుకొనుటను వారు 'మొలాంగ్' అందురు. పండ్లచెట్టునకైనను, బాణములకు విషమిచ్చు చెట్టునకైనను ఒక కుటుంబము గుర్తు పెట్టినచో ఇతరులు దానిని మన్నింతురు. కంచె లేదు, దస్తావేజు లేదు. అయినను ఆస్తి కలదు.

1958వ సంవత్సరపు సరవాక్ భూమిశాసనము వేఱొక విధముగా తలచినది. ఆ యేటి జనవరి 1వ తేదీకి పూర్వము కన్నెయడవిని నఱకి ఆక్రమించినవారికి, సేద్యము చేసినవారికి, పండ్లచెట్లు నాటినవారికి అది పరంపరాగతమైన హక్కును ఒప్పుకొనినది. ఇందలి వైపరీత్యమును గమనింపుడు. అడవిని నఱకినవాడు హక్కుదారు; నఱకక కాచినవాడు దిక్కులేనివాడు! సంచారుల యడవి యెవరిదియు కానట్లు లెక్కకు వచ్చినది. కలపవర్తకులకు లైసెన్సులు దొరకినవి. ట్రాక్టర్ల బాటలనుండి మన్ను జాఱి ఏఱులు బురదలైనవి, చేపలు నశించినవి, అడవిపందులు దూరమైనవి, సాగోచెట్లు నలిగినవి.

1987లో పెనానులు ఆ బాటలకు దుంగలు అడ్డముగా కట్టి, ఆలుబిడ్డలతో నెలల తరబడి కూర్చుండిరి. ఆ యేటి చివర పోలీసులు అడ్డులను తొలగించిరి. కలపబాటల కడ్డుపడుట నేరమని చట్టము సవరింపబడెను. 1984 నుండి 1990 వఱకు వారితో కలిసి జీవించిన స్విట్జర్లాండు దేశీయుడు బ్రూనో మాన్సర్ వారి గోడును లోకమునకు వినిపించెను. 2000 మే నెలలో ఆయన మరల ఆ యడవిలో ప్రవేశించి కనబడకపోయెను. 2005లో బాసెల్ న్యాయస్థానము ఆయన మృతుడైనట్లు ప్రకటించినది. ఆయన త్యాగము గొప్పది. అయినను బాటపై కూర్చున్న ఆ తల్లులను మనము మఱవరాదు.

నేడు పెనానులలో పెక్కురు గ్రామములలో స్థిరపడినారు. పెక్కుచోట్ల అడవి పోయినది. కాని వారు ఊరకుండలేదు. ఏఱులకు, కొండచఱియలకు తమ పెద్దలు పెట్టిన పేర్లను, మొలాంగ్ చెట్ల యునికిని సేకరించి, పటములు వ్రాయించి, 2017లో ప్రకటించిరి. కాగితము చూపుమనిన న్యాయమునకు కాగితముతోనే బదులు చెప్పిరి.

నా మనవి యొక్కటే. గొడ్డలిగాటునే సాక్ష్యముగా గొను చట్టము అడవిని మిగులనీయదు. ఒక నేలను ఖాళీ యని పిలుచుటకు ముందు, ఇన్నినాళ్లు దానిని మిగిల్చినవా రెవరో విచారింపుడు.