చారల పాముల బంధువర్గం



తొలకరి పడిన కొద్ది రోజులకు పొలం గట్ల మీద, పెరటి గడ్డిలో ఒక సన్నని పాము కనబడుతుంది. పొడవు మూర, మహా అయితే మూరన్నర. గోధుమ వన్నె ఒంటి మీద మెడ దిగువ నుండి తోక దాకా సాగిన రెండు పసుపుపచ్చని చారలు దాని గుర్తు. బెదిరినప్పుడు మెడను కొంచెం వెడల్పు చేస్తుంది. చూచినవారు దానిని పడగ అనుకొంటారు, కర్ర లేస్తుంది, అంతటితో దాని ఆయువు తీరుతుంది. కప్పలను తిని బ్రతికే ఈ ప్రాణికి మనిషిని చంపగల విషం లేదు.

1758లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు లినేయస్ దీనికి కొలూబర్ స్టోలాటస్ అని పేరు పెట్టాడు. రోమను కులస్త్రీలు ధరించిన స్టోలా అనే నిలువు వస్త్రం నుండి ఆ పేరు వచ్చినది. అదే గ్రంథంలో ఉత్తర అమెరికా నుండి వచ్చిన మరొక చారల పామును కొలూబర్ సిర్టాలిస్ అన్నాడు. ఆంగ్లేయులు దానినే గార్టర్ పాము అంటారు. మేజోళ్లు జారిపోకుండా కాలికి బిగించే చారల పట్టీకి గార్టర్ అని పేరు. ఒక పాముకు వస్త్రం, మరొక పాముకు పట్టీ. పేర్లు పెట్టేవారి కన్ను ముందుగా అలంకారం మీదనే పడుతుందనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

లినేయస్ పాములను ప్రధానంగా పొట్ట కింది పొలుసులనూ, తోక కింది పొలుసులనూ లెక్కించి విభజించాడు. ఆ లెక్కలో త్రాచుపాము కూడా కొలూబరే. కాబట్టి ఆ రోజుల్లో ఒకే పేరు కింద చేరినంత మాత్రాన రెండు పాములు చుట్టాలు కావు.

ఈ చరిత్రలో తెలుగు నేలకు ఒక ముఖ్యమైన స్థానం ఉన్నది. స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1781లో విశాఖపట్టణం వచ్చి, తరువాత ఈస్టిండియా కంపెనీవారి ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా పనిచేశాడు. కోరమాండల్ తీరంలో సేకరించిన పాముల గురించి ఆయన వ్రాసిన గ్రంథం 1796లో లండన్‌లో వెలువడినది. ఆయన చేసిన మేలైన పని ఒకటున్నది. పామును తెచ్చినవారు ఏమని పిలిస్తే ఆ పేరునే తనకు వినబడినట్లు ఆంగ్లాక్షరాలలో వ్రాసుకొన్నాడు. కాటుక రేకుల పొడ అనే తెలుగు పేరుతో ఆయన వర్ణించిన పాము రక్తపింజర. దానికి శాస్త్రనామంలో రస్సెల్ పేరే నిలిచినది. బంగారు పాము అన్న మాట వికృతి చెంది కట్లపాముల ప్రజాతికి బుంగారస్ అనే పేరైనది. చారల పాముకు ఆయన వ్రాసుకొన్న పేర్లలో ఒకటి 'వన్న పాము' వంటి ఉచ్చారణతో ఉన్నది. వానకాలంలో కనబడేది కాబట్టి అది వాన పాము అయి ఉండవచ్చు. చెరువులలో, వరిమళ్లలో తిరిగే గళ్ల పామును, అంటే నీరుకట్టెను, 'నీలి కోయ' అని వ్రాశాడు. ఆ వర్ణన ఆధారంగానే 1799లో జర్మను పండితుడు ష్నైడర్ దానికి పిస్కేటర్ అని నామకరణం చేశాడు. లాటిన్ భాషలో ఆ మాటకు జాలరి అని అర్థం. విశాఖ తీరపు పాముకు తగిన పేరే.

తరువాతి శతాబ్దంలో సమస్య తిరగబడినది. 1893లో బ్రిటిష్ మ్యూజియం పాముల పట్టికను తయారుచేసిన బూలంజే అమెరికా గార్టర్ పామును, ఐరోపా గడ్డిపామును, మన నీరుకట్టెను, వానకాలపు చారల పామును ట్రోపిడోనోటస్ అనే ఒకే ప్రజాతిలో చేర్చాడు. ఆ మాటకు గీటు ఉన్న వెన్ను అని అర్థం. వీటి వీపు మీది ఒక్కొక్క పొలుసు నడుమ, పడవ అడుగున దూలం వలె, సన్నని గీటు పైకి లేచి ఉంటుంది. అందుకే ఆంగ్లంలో వీటిలో చాలావాటిని కీల్‌బ్యాక్ అంటారు. వేలితో తడిమితే గరుకుగా తగులుతుంది. అయితే ఈ గీటు రక్తపింజర పొలుసులకూ ఉన్నది. గీటును బట్టి బంధుత్వం కలిపితే వేలు పోగొట్టుకోవలసి వస్తుంది.

నిజమైన గుర్తులు చర్మం లోపల ఉన్నవి. ఈ వర్గపు పాములకు వెన్నుపూసల అడుగున తోక దాకా ముల్లు వంటి ఎముక మొనలుంటవి. 1960లో మాల్నేట్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు మగ పాముల జననాంగ నిర్మాణాన్ని, దంతాలను, ఎముకలను కలిపి పరిశీలించి, ఆ పెద్ద మూటను విప్పి పలు ప్రజాతులుగా విడదీశాడు. 1977లో అమెరికా నీటిపాములు కూడా వేరుపడ్డవి. ఆ తరువాత డి.ఎన్.ఏ. పరీక్షలు వచ్చినవి. వాటి తీర్పు ఇది: ఈ బంధువర్గం, అంటే నాట్రిసినే, ఆసియాలో పుట్టినది. దానిలో ఒక శాఖ సుమారు రెండున్నర కోట్ల సంవత్సరాలకు పూర్వం, నేటి బేరింగ్ జలసంధి నేలగా ఉన్న కాలంలో, అమెరికా చేరినది. గార్టర్ పాములు, అక్కడి నీటిపాములు అన్నీ ఆ ఒక్క శాఖ సంతానమే. ఆసియా చుట్టాలలో అధిక భాగం గుడ్లు పెడతవి. అమెరికా శాఖ అంతా పిల్లలను కంటుంది.

దీనిని బట్టి చారల మాట తేలిపోయినది. మన చారల పామునూ గార్టర్ పామునూ పక్కపక్కన పెడితే అన్నదమ్ములనిపిస్తవి. కాని గార్టర్ పాముకు దగ్గరి చుట్టం చారలు లేని, మచ్చలున్న అమెరికా నీటిపాము. గడ్డిలో పారిపోయే పాముకు నిలువు చార ఉంటే శత్రువు కన్ను దాని వేగాన్ని సరిగా పట్టలేదు. అందుచేత రెండు ఖండాలలోనూ ప్రకృతి అదే ఉపాయం పన్నినది.

గార్టర్ పాములలో ముప్ఫైకి పైగా జాతులున్నవి. కెనడా మంచునేల మొదలు మధ్య అమెరికా దాకా వ్యాపించినవి. కెనడాలోని మానిటోబా రాష్ట్రం నార్సిస్ వద్ద సున్నపురాతి బిలాలలో చలికాలం గడిపి, వసంతంలో అవి వేల సంఖ్యలో ఒక్కసారిగా బయటికి వస్తవి. అమెరికా పశ్చిమ తీరంలో కొన్ని గార్టర్ పాములు న్యూట్ అనే ఉభయచరాన్ని మింగి బ్రతుకుతవి. ఆ న్యూట్ ఒంటిలోని విషం మనిషిని చంపగలది.

జాతుల విభజన పండితుల వినోదం మాత్రమే అని కొందరంటారు. శాన్‌ఫ్రాన్సిస్కో గార్టర్ పాము ఉదంతం దానికి సమాధానం. నీలి పచ్చని ఒంటి మీద ఎర్రని చారలతో ఎంతో అందమైన ఉపజాతి అది. నగర విస్తరణకు గురై నశించిపోతుండగా 1967లో అమెరికా ప్రభుత్వం దానిని అంతరించే ప్రాణుల జాబితాలో చేర్చినది. చట్టంలో దాని పేరు టెట్రటీనియా. పొరుగున విస్తారంగా ఉన్న మరొక ఉపజాతి పేరు ఇన్‌ఫర్నాలిస్. 1995లో ఇద్దరు పరిశోధకులు పాత నమూనాను తిరిగి పరీక్షించగా, 1835లో ఇన్‌ఫర్నాలిస్ అని పేరు పెట్టినది నిజానికి శాన్‌ఫ్రాన్సిస్కో పాముకేనని తేలినది. ముందు పెట్టిన పేరే చెల్లుతుందన్నది నియమం. నియమాన్ని పాటిస్తే రక్షణ పొందిన పాముకు, నిన్నటి దాకా రక్షణ అవసరం లేని పాము పేరు వచ్చును. కాగితాల మీద ఈ తారుమారు ఎంత గందరగోళం చేయగలదో కార్యాలయాలలో పనిచేసినవారికి చెప్పనక్కరలేదు. చివరికి 2000లో జంతు నామకరణ అంతర్జాతీయ సంఘం నియమాన్ని సడలించి, వాడుకలో ఉన్న పేర్లనే నిలిపినది.

ఇంతకన్న తీవ్రమైన ఉదాహరణ జపానులో ఉన్నది. అక్కడి యమకగాషి అనే పాము కూడా ఒకనాడు నాట్రిక్స్ ప్రజాతిలో, ఐరోపా గడ్డిపాము సరసన ఉన్నదే. హాని చేయని పాముగానే జనం ఎంచారు. దాని కోరలు నోటి ముందు కాక వెనుక ఉన్నవి. కాబట్టి చాలా కాట్లు ఏమీ కాకుండానే పోయేవి. 1970, 1980 దశకాలలో మాత్రం దాని కాటుకు రక్తం గడ్డకట్టడం ఆగిపోయి బడి పిల్లలు మరణించారు. పైగా దాని మెడ మీది గ్రంథులలో ఉండే విషం అది స్వయంగా తయారుచేసుకొన్నది కాదు. తిన్న గోదురుకప్పల నుండి సంపాదించి దాచుకొన్నదని 2007లో రుజువైనది. గోదురుకప్పలు లేని దీవిలో పుట్టిన పాములకు ఆ విషం లేదు. జపానులో ఈ పాము కాటుకు ప్రత్యేకమైన విరుగుడు మందు సిద్ధం చేశారు.

ఈ రాబ్డోఫిస్ ప్రజాతికి భారతదేశంలోనూ ప్రతినిధులున్నవి. ఈశాన్య రాష్ట్రాలలోని ఎర్రమెడ పాములు అటువంటివి. మహారాష్ట్ర, కర్ణాటక కొండ ప్రాంతాలలో కనిపించే ఆకుపచ్చ కీల్‌బ్యాక్ చాలా కాలం వేరొక ప్రజాతిలో ఉండి, డి.ఎన్.ఏ. ఆధారంగా రాబ్డోఫిస్‌లోనికి వచ్చినది. అది కూడా గోదురుకప్పలను తినేదే. సాధువుగా కనిపించినంత మాత్రాన చేత పట్టి ఆడించదగిన పాము కాదు. మన ఆసుపత్రులలో ఇచ్చే పాముకాటు మందు త్రాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషానికి తయారైనది. రాబ్డోఫిస్ విషం వాటిలో లేదు.

ఇక వానకాలపు చారల పాము విషయం. 2014లో దాని ప్రజాతి ఆంఫీస్మాను పరీక్షించగా, తోటివి అనుకొన్న జాతులన్నీ వేరే శాఖలకు చెందినవని తేలి, ఆ ప్రజాతిలో ఇది ఒక్కటే మిగిలినది. నీరుకట్టె కూడా హైడ్రస్, ట్రోపిడోనోటస్, నాట్రిక్స్, జినోక్రోఫిస్ అనే పేర్లు దాటి, 2018లో ఫౌలియా అయినది. రెండవ పేరు పిస్కేటర్ మాత్రం, విశాఖలో రస్సెల్ వ్రాసుకొన్న వర్ణన మీద నిలిచి, 1799 నుండి నేటి వరకు అలాగే ఉన్నది.