పాత పుస్తకానికి వయసెంత?

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ముప్పయ్యేళ్ళు కళాశాల లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. "పాతబడడం" గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు మన గురించేమోనని కాస్త జంకాను. పుస్తకాల గురించేనని తెలిశాక ఒప్పుకున్నాను.

శాస్త్ర రచనలకు వయసు లెక్కగట్టినవారున్నారు. 1960లో బర్టన్, కెబ్లర్ అనే ఇద్దరు అణుశాస్త్రం నుంచి "అర్ధజీవితకాలం" అనే మాటను అరువు తెచ్చుకున్నారు. ఒక శాస్త్రంలో వ్యాసాలు రాసేవారు ఆధారంగా పేర్కొనే రచనల్లో సగం ఎన్నేళ్ళలోపు వచ్చినవో చూడడమే ఆ లెక్క. భౌతికశాస్త్రానికి 4.6 ఏళ్ళు, రసాయనశాస్త్రానికి 8.1, భూగర్భశాస్త్రానికి 11.8 అని తేల్చారు.

ఇలాంటి లెక్కలు నమ్మి నేనొక పొరపాటు చేశాను. 1988లో మా లైబ్రరీలో బీరువాలు నిండిపోయి, కొత్త పుస్తకాలు నేలమీద పేర్చవలసి వచ్చింది. పుస్తకాల్లో అంటించిన తేదీల చీటీ చూసి, పదేళ్ళుగా ఎవరూ ఇంటికి తీసుకెళ్ళనివాటికి జాబితా రాసి, పై అనుమతి తెచ్చి, తూకానికి అమ్మించాను. నిబంధనల ప్రకారం అంతా సక్రమమే.

ఏడాది తిరక్కుండా భూగర్భశాస్త్రం లెక్చరరు ఒకాయన వచ్చారు. మా పాత తాలూకాలో ఊరూరా బావుల నీటిమట్టాలు కొలిచిన నివేదిక కావాలన్నారు. "ఇక్కడే కూర్చుని రెండుమూడుసార్లు చూశానండీ. ఇప్పుడు మళ్ళీ కొలిచి పోల్చుదామని" అన్నారు. లైబ్రరీలో కూర్చుని చదివినదానికి చీటీమీద తేదీ పడదు కదా! సంగతి చెప్పాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఇప్పటికీ బాధిస్తుంది. బావి మళ్ళీ తవ్వుకోవచ్చు గాని, ఆనాటి నీటిమట్టాన్ని ఈనాడు కొలవలేం.

అన్ని రాతలూ ఒకేలా పాతబడవని నాకప్పుడు తెలిసొచ్చింది. ఒక సిద్ధాంతాన్ని మరో సిద్ధాంతం తోసిపుచ్చవచ్చు. కళ్ళారా చూసి, కొలిచి రాసిపెట్టిన అంకెకు మాత్రం కాలం గడిచినకొద్దీ విలువ పెరుగుతుంది.

కొన్ని రాతలు రోజువారీ పనిలో కలిసిపోతాయి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. దశాబ్దాలపాటు ప్రయోగశాలలు దాన్ని వాడాయి. వాడినవారిలో ఎందరు ఆ మూలవ్యాసం తెరిచి ఉంటారు?

ఇంకొన్ని నిద్రపోయి లేస్తాయి. బఠాణీ మొక్కలమీద మెండెల్ రాసిన వ్యాసం 1866లో అచ్చయింది. ఆయన 1884లో కన్నుమూశారు. దాని విలువ లోకం గుర్తించింది 1900లో. ఎవరో ఆ సంచికను పారెయ్యకుండా ఉంచబట్టే అది దొరికింది. నా పదేళ్ళ చీటీ లెక్కన అదీ తూకానికి పోయేదే!

అలాగని అన్నీ దాచమనడం లేదు. వెనకటి వైద్యగ్రంథం చూసి మందు వేసుకుంటే ప్రమాదం. రద్దయిన నిబంధనల పుస్తకం బీరువాకు బరువు. కొత్తవాటికి చోటివ్వక తప్పదు. కాకపోతే తీసేసేముందు "ఎవరైనా అడుగుతున్నారా?" అన్న ప్రశ్న ఒక్కటీ చాలదు. "ఇది పోతే మళ్ళీ సంపాదించగలమా?" అని కూడా అడగాలి.

మీ ఇళ్ళలోనూ అటకలమీద కాగితాలుంటాయి. ఏ ఏటికాయేడు వానలు, పంట దిగుబడులు, ధరలు రాసుకున్న మీ నాన్నగారి డైరీలుండవచ్చు. పిల్లలు ఇల్లు సర్దే రోజున దగ్గరుండి ఈ రెండో ప్రశ్న వేయండి. నేను వేయలేదు. అందుకే ఈ వయసులో మీకు చెబుతున్నాను.