డాక్టర్ 'రోజుకు ఎన్ని?' అని అడిగితే నిజం చెప్పండి

ఈ ఎపిసోడ్‌లో ఫోన్లు, యాప్‌లు లేవు. మా పెదనాయన దగ్గు గురించి చెప్తా.

మాది మదనపల్లె. పెదనాయన టమాటా మార్కెట్‌లో హమాలీ. చిన్నప్పుడు అంగడికి పోయి ఆయనకు బీడీ కట్ట తెచ్చింది నేనే. మిగిలిన చిల్లర నాకే.

పోయినేడు ఆయనకు దగ్గు పట్టుకుంది. నెల దాటినా పోలేదు. మనిషి చిక్కిపోయాడు, కళ్లెలో రక్తం చార కనిపించింది. మా ఊర్లో ఇట్లా దగ్గితే అందరూ చెప్పే మాట ఒకటే: టీబీ. 1915లో మొదలైన ఆరోగ్యవరం టీబీ శానిటోరియం ఉన్న ఊరు గదా! ఒక చోట ఎక్స్‌రేలో మచ్చ చూసి, కళ్లె పరీక్షలో ఏమీ రాకపోయినా టీబీ మాత్రలు రాసేశారు. అక్కడ "పొగ తాగుతావా?" అని అడిగితే, "ఎప్పుడో ఒకటి సార్" అన్నాడు పెదనాయన. పక్కనే ఉన్న నేను నోరు మెదపలేదు.

మూడు నెలల తర్వాత గొంతు బొంగురుపోయింది. కుప్పం తీసుకుపోయాం. అక్కడ అదే ప్రశ్నకు పెద్దమ్మ జవాబిచ్చింది: "రోజుకు ఒక కట్ట సార్, పెండ్లికి ముందు నుంచీ." వెంటనే సీటీ స్కాన్, తర్వాత బయాప్సీ. లంగ్ క్యాన్సర్, నాలుగో స్టేజ్.

సాఫ్ట్‌వేర్‌లో లాగ్ తప్పుగా ఉంటే బగ్ దొరకదు. డాక్టర్‌కు మన పొగ లెక్కే లాగ్. దీన్ని ప్యాక్ ఇయర్స్‌లో కొలుస్తారు. రోజుకు 20 సిగరెట్లు, ఒక ఏడాది తాగితే 1. రోజుకు 10 చొప్పున 30 ఏళ్లయితే 15. అమెరికాలో 50 నుంచి 80 ఏళ్ల లోపు ఉండి, ఈ లెక్క 20 దాటి, ఇంకా తాగుతున్నా, మానేసి 15 ఏళ్లు కాకపోయినా ఏటా లో-డోస్ సీటీ చేయించుకోమంటారు. బీడీ చిన్నదే గదా అనుకోకండి, దాంట్లోనూ తారు, నికోటిన్ దండిగా ఉంటాయి.

పుంగనూరులో మా అత్త అడిగింది: "తాగనోళ్లకు రాదు గదా అబ్బోడా?" వస్తుంది అత్తా. కట్టెల పొయ్యి పొగ, పక్కనోళ్ల బీడీ పొగ కూడా కారణాలే. స్క్వామస్, స్మాల్ సెల్ రకాలు ఎక్కువగా తాగేవాళ్లలో కనిపిస్తాయి. అవి తరచూ పెద్ద గాలిగొట్టాల దగ్గర పుడతాయి, అందుకే దగ్గు, రక్తం. తాగనివాళ్లలో ఎక్కువగా వచ్చేది అడినోకార్సినోమా. ఇది చాలాసార్లు ఊపిరితిత్తి అంచుల్లో పెరుగుతుంది, ఆలస్యంగా బయటపడుతుంది. వీళ్లలో కొందరికి ఈజీఎఫ్ఆర్ జీన్‌లో మార్పు ఉంటుంది. టెస్ట్‌లో అది తేలితే దానికి పనిచేసే మాత్రలున్నాయి.

నేను డాక్టర్ని కాను. కానీ దగ్గు మూడు వారాలు దాటితే ఊరుకోకండి. టీబీ మందులు వాడుతున్నా తగ్గకపోతే, వాటిని మీరే ఆపేయకుండా, "ఇంకేమైనా ఉందా సార్?" అని గట్టిగా అడగండి. మానేస్తే పదేళ్లలో లంగ్ క్యాన్సర్ ముప్పు, తాగుతూనే ఉన్నవాళ్లతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోతుంది. మానడానికి సాయం కావాలంటే ఉచిత నంబర్ 1800-112-356.

పెదనాయనకు ఇప్పుడు కీమో నడుస్తోంది. వీడియో చేస్తానంటే, "నా పేరు వద్దులే, కట్టల లెక్క మాత్రం చెప్పు" అన్నాడు. చెప్పేశా. ఈ రాత్రికి మీ ఇంట్లో తాగే మనిషిని లెక్క అడగండి. ఉంటా మరి, బై.