తల్లి తిండిపై నిందలెందుకు?
(కొత్తవలస మహిళా సమావేశంలో చేసిన ప్రసంగం)

బిడ్డకు ఉబ్బసం వస్తే మన ఊళ్లలో నిలదీసేది తల్లినే: “కడుపుతో ఉండగా ఏం తిన్నావ్?”

వైద్యులూ ఇలాగే పొరబడ్డారు. అలర్జీలున్న కుటుంబాల్లో గర్భిణులు వేరుశనగ మానితే మంచిదేమోనని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2000లో అంది. ఆధారం లేదని 2008లో ఆ మాట మానుకుంది.

తల్లికి పడనిది మానాల్సిందే. మిగతా గుడ్డూ, చేపా, వేరుశనగా మాన్పిస్తే బిడ్డకు రక్షణ రాదు, తల్లి నీరసిస్తుంది.

బిడ్డ ఊపిరికి నిజంగా చేటు చేసేది పొగ. కట్టెలపొయ్యి, ఇంట్లో బీడీ, మన వైపు పెద్దవయసు ఆడవాళ్లు తాగే అడ్డపొగ. వీటి గురించి అడిగినవాళ్లను నేను చూడలేదు.

గర్భిణికి అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనం 2013 ఆహార భద్రతా చట్టం ఇచ్చిన హక్కు. ఏం తిన్నావని కాదు, నీ భోజనం నీకు అందిందా అని అడుగుదాం.