చౌక్‌లో సిగ్నలా, సర్కిలా?

(గేటు సభలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల షిఫ్టు దిగి ఇంటికి పోతూ వైండింగు ఖాతా అక్క ఒకామె చౌక్‌లో లారీ తగిలి కాలు విరగ్గొట్టుకుంది. అక్కడ సిగ్నల్ పెట్టాలని అర్జీ రాశాం. సంతకాలు చేసేముందు నా మాట కొంచెం వినండి. సిగ్నల్ ఒక్కటే దారి కాదు.

నాలుగు రోడ్లు కలిసేచోట బండి దారికి బండి దారి అడ్డొచ్చే తావులు 32. నడుమ గుండ్రంగా దిమ్మె కట్టి అందరినీ దాని చుట్టూ ఒకే వైపు తిప్పితే అవి 8కి దిగుతాయి. ఎదురెదురుగా గుద్దుకోవడం దాదాపు ఉండదు. తగిలినా వారగా రాసుకుపోతుంది. మలుపు దగ్గర లారీవాడు వేగం తగ్గించక తప్పదు. సిగ్నల్ దగ్గరైతే పచ్చదీపం ఆరిపోతుందని ఇంకా తొక్కుతాడు. కరెంటు పోతే మన మగ్గంలాగే అదీ చచ్చి పడుంటుంది!

అమెరికాలో సిగ్నళ్లు, ‘ఆగుము’ బోర్డులు ఉన్న 24 కూడళ్లను సర్కిళ్లుగా మార్చి చూశారు. గాయాలయ్యే ప్రమాదాలు సుమారు నాలుగింట మూడు వంతులు తగ్గాయని 2000లో తేల్చారు. ఇక మన దగ్గర ‘ఆగుము’ బోర్డు చూసి ఆగిన లారీని నేనైతే ఇంతవరకు చూడలేదు.

ఒట్టి దిమ్మె కడితే చాలదు. ఎవరు ఆగాలో తేలకపోతే సర్కిల్ బిగుసుకుపోతుంది. ఇంగ్లండులో 1966లో లోపల తిరిగే బండికే ముందు హక్కు, కొత్తగా వచ్చేవాడే ఆగాలి అని నియమం పెట్టాకే అక్కడ సర్కిళ్లు సరిగా నడిచాయి. మన దేశపు 2017 డ్రైవింగ్ నిబంధనల్లోనూ ఆ మాటే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. సర్కిల్ కార్లవాళ్లకు చేసినంత మేలు సైకిలువాడికి చెయ్యదు. బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో సర్కిళ్లు కట్టినచోట సైకిలువాళ్లు గాయపడే ప్రమాదాలు పెరిగాయని 2008లో లెక్కతేలింది. మనలో సగంమంది సైకిళ్ల మీదే వస్తాం, తక్కినవాళ్లం నడిచి వస్తాం. కాబట్టి అర్జీలో ఇలా రాయాలంటాను: సర్కిల్‌లో బండ్లకు ఒకే వరస ఉండాలి, సైకిళ్లకు విడిగా దారి వెయ్యాలి, నడిచేవాళ్లు దాటే చారలు దిమ్మెకు కాస్త ఎడంగా వేసి నడుమ నిలబడేందుకు గట్టు కట్టాలి. షిఫ్టు విడిచే అరగంట మన రోడ్డు నుంచే జనం విరగబడతారు, తక్కిన మూడు రోడ్లూ నిలిచిపోతాయి. ఆ అరగంట పోలీసు ఉండాల్సిందే.

ఇంకో చిక్కుంది. దిమ్మెకు స్థలం కావాలి. మూలనున్న టీ బండ్లు జరగాల్సి వస్తుంది. అవి మనవాళ్లవే. వాళ్లకు చోటు చూపకుండా నేను సంతకం పెట్టను. స్థలం చాలకపోతే సిగ్నలే అడుగుదాం, అందులో నడిచేవాళ్లకు విడిగా సమయం ఇమ్మందాం.

ఆదివారం పొద్దున్నే టేపు పట్టుకుని చౌక్ కొలవాలి. నలుగురు కావాలి. పేర్లు ఇప్పుడే ఇవ్వండి.