హాజరు పలికిన ఎనిమిది మీటలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సాంకేతిక రంగం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. అంత పెద్ద విషయం నా వల్ల కాదు. ఈ మధ్య చేసిన ఒక చిన్న పని గురించి చెప్తాను. ఇదిగో, సంచిలో తెచ్చాను. దీన్ని గుర్తుపట్టినవాళ్ళు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు! టీవీ వీడియో గేమ్ కంట్రోలర్. ఎడమ వైపు ప్లస్ గుర్తు, కుడి వైపు ఎర్ర మీటలు. మారియో, కాంట్రా ఆడి వేళ్ళు కాయలు కాసినవాళ్ళకు ఇంకేమీ చెప్పక్కర్లేదు.

1993లో నా మొదటి జీతంతో దీన్ని హైదరాబాద్‌లో కొని, కోదాడలో ఉన్న మా తమ్ముడికిచ్చాను. జపాన్‌లో నింటెండో 1983లో తెచ్చిన ఫామికామ్‌కు ఇది నకలు. అప్పట్లో మన ఊళ్ళకు వచ్చినవన్నీ దాదాపు నకళ్ళే. మొన్న మా మేనల్లుడు అమెరికా నుంచి కొత్త నింటెండో స్విచ్ తెచ్చాడు. అందులో పాత మారియో కూడా ఉంది. తమ్ముడు కాసేపు ఆడి పక్కన పెట్టేశాడు. "అన్నా, ఈ కొత్తదాని మీద వేలు కుదరట్లేదు. మన పాతది దీనికి తగిలించలేవా? ఇంజనీరువి కదా" అన్నాడు. ఇనప్పెట్టె అడుగు నుంచి దీన్ని తీసి నా చేతిలో పెట్టాడు.

పాతదానికి తొమ్మిది పిన్నుల ప్లగ్గు, కొత్తదానికి యూఎస్‌బీ. ప్లగ్గు మారిస్తే సరిపోదు, భాషే వేరు. ఆ పాత భాషేమిటో పిల్లలకు అర్థమయ్యేలా చెప్తాను. మన తరగతిలో హాజరు ఎలా వేసేవారు? సారు లోపలికి రాగానే ఎక్కడివాళ్ళం అక్కడ కదలకుండా కూర్చునేవాళ్ళం. తర్వాత నంబర్లు వరసగా పిలిచేవారు. కంట్రోలర్‌లోనూ అంతే. తొమ్మిది పిన్నులున్నా పనిచేసే తీగలు అయిదే. రెండు కరెంటుకు. మూడోది "ఎక్కడివాళ్ళక్కడే" అంటుంది. నాలుగోది ఒక్కో నంబరు పిలుస్తుంది. అయిదో తీగ మీద జవాబు వస్తుంది. ఎ, బి, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి: ఎనిమిది మందీ ఇదే వరసలో పలుకుతారు. సెకనుకు సుమారు 60 సార్లు హాజరు పడుతుంది. అసలు నింటెండోలో ఈ పని చేసేది 4021 అనే పదహారు కాళ్ళ చిప్పు. మన నకళ్ళలో చాలావాటికి ఆ చోట నల్లటి తారు బొట్టులాంటిది ఉంటుంది. పని మాత్రం అదే.

ఒక్క తిరకాసుంది. మీట నొక్కితే 0, నొక్కకపోతే 1. మొదటిరోజు నేనది మరిచిపోయాను. నేను ముట్టుకోకుండానే మారియో ఎగురుతూ దూకుతూ తనంతట తాను గోతిలో పడ్డాడు.

మధ్యలో దుబాసీగా ప్రో మైక్రో అనే బొటనవేలంత బోర్డు పెట్టాను. ఇది పాతదాని దగ్గర హాజరు తీసుకుని, కొత్తదానికి యూఎస్‌బీ భాషలో చెప్తుంది. కానీ స్విచ్ ఊరికే రానివ్వదు, ముందు "నువ్వెవరు?" అని అడుగుతుంది. తనకు తెలిసిన తీగ కంట్రోలర్ పేరు చెప్తే తలుపు తీస్తుంది. ఈ కిటుకు నేను కనిపెట్టింది కాదు. డీన్ కెమెరా అనే ఆయన రాసి ఉచితంగా ఇచ్చిన లూఫా అనే ప్రోగ్రాముల మీద, ఎందరో ఔత్సాహికులు కట్టుకుంటూ వచ్చారు. నేను నాలుగు వరసలు మార్చుకున్నానంతే.

0, 1 సరిచేసినా మీటలు వాటంతటవే నొక్కుకుంటున్నాయి. రెండు ఆదివారాలు ప్రోగ్రాము తిరగరాశాను. బోర్డు మార్చాను. చిప్పు పోయిందని తేల్చేశాను. చివరికి మిర్యాలగూడ వెళ్ళాను. అక్కడ మన బ్యాచ్‌వాడే ఒకడున్నాడు. ఒకప్పుడు టీవీలు బాగుచేసేవాడు, ఇప్పుడు రైస్ మిల్లుల మోటార్ స్టార్టర్లు బాగుచేస్తున్నాడు. ఈ రోజు వెనుక నుంచి మూడో వరసలో కూర్చున్నాడు. పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పను.

నా కథంతా విని, "చిప్పును ఎందుకు తిడ్తవ్‌ర? వైరు సంగతి చూసినవా?" అన్నాడు. కేబుల్ కంట్రోలర్‌లోకి దూరే చోట రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా వంచాడు. తెరమీద మారియో నిలబడ్డాడు. వదిలాడు, మళ్ళీ పరుగు. పై తొడుగు బాగానే ఉంది, లోపల జవాబు తీగ తెగి ఉంది. జవాబు రాని చోట బోర్డు గాలిలోంచి ఏది తోస్తే అది చదువుకుంటోంది. అంగుళం కోసి, కొత్తగా అతికాడు. అతికేముందు, ఈ నకళ్ళలో తీగల రంగులు నమ్మొద్దని చెప్పి, ప్రతి తీగకూ మల్టీమీటర్ పెట్టి నాతోనే రాయించాడు. రాగి గీతల మీది మకిలిని పెన్సిల్ రబ్బరుతో తుడిచాడు. మొత్తం అరగంట పట్టలేదు.

ఇంటికొచ్చాక నాకు నిద్రపట్టలేదు. కారణం వేరే ఉంది. దాన్ని చెప్పడానికే ఈ వేదిక ఎక్కాను.

తొమ్మిదో తరగతిలో సైన్స్ ఫేర్‌కు మేమిద్దరం ట్యాంకు నిండితే మోగే బజర్ తయారుచేశాం. "మేమిద్దరం" అంటున్నాను గానీ, చేసింది వాడు. పాత రేడియోల నుంచి ట్రాన్సిస్టర్లు పీకి, రాత్రుళ్ళు మేనమామ కొట్టులో కూర్చుని అతికాడు. నేను చార్టు రాశాను. ఇంగ్లిషులో గడగడా చెప్పగలను కాబట్టి బల్ల వెనక నేను నిలబడ్డాను. పరీక్షించడానికి వచ్చినాయన "నువ్వే చేశావా?" అని అడిగాడు. "అవును సార్" అన్నాను. వాడు నా పక్కనే ఉన్నాడు. ఏమీ అనలేదు. బహుమతి నాకొచ్చింది. పదో తరగతి తర్వాత ఇంట్లో అప్పులతో వాడి చదువాగింది. ఆ సర్టిఫికెట్ నా చదువు ఫైల్లో ఎన్నేళ్ళు తిరిగిందో! ఇంజనీరింగ్ సీటు దానివల్ల రాలేదు, నిజమే. కానీ "నాకు ఇది వచ్చు" అన్న ధైర్యం మాత్రం దానివల్లే వచ్చింది. ఆ ధైర్యం వాడిది. ఇన్నేళ్ళలో వాడి కొట్టుకు ఎన్నోసార్లు వెళ్ళాను, టీ తాగాను, ఈ మాట మాత్రం ఎత్తలేదు.

పోయిన వారం సర్టిఫికెట్ తీసుకుని మళ్ళీ వెళ్ళాను. చూశాడు, నవ్వాడు. "గా కాయితం నాకెందుకుర? గుర్తుందని చెప్పినవ్, చాలు. మన బడి పిల్లలకు ఒక టేబుల్ ఇప్పియ్యి. శనివారం వచ్చి అతుకుడు నేర్పిస్త" అన్నాడు.

కాబట్టి పూర్వ విద్యార్థుల సంఘానికి నా విన్నపం ఒక్కటే. మన బడిలో ఒక గది, ఒక పొడవాటి బల్ల, పది సోల్డరింగ్ ఐరన్లు, పది మల్టీమీటర్లు కావాలి. బల్ల, ఐరన్లు నేనిస్తాను. మిగతావి మీరు చూడండి. మీ ఇళ్ళలో మూలపడ్డ రేడియోలు, మిక్సీలు, రిమోట్లు పారేయకుండా పంపండి. పిల్లలు విప్పి నేర్చుకుంటారు.

"ఇంత కష్టమెందుకు, కొత్త కంట్రోలర్ కొనొచ్చు కదా?" అని మా ఆవిడ అడిగింది. కొనొచ్చు. కానీ కొని ఉంటే నేను మిర్యాలగూడ పోయేవాణ్ణి కాదు.

భోజనాలయ్యాక పక్క గదిలో టీవీకి స్విచ్ తగిలించి ఉంచుతాం. మొదటి ఆట మూడో వరసలో కూర్చున్నవాడిది. రెండోది మా తమ్ముడిది. ఆ తర్వాత ఎనిమిదో తరగతి పిల్లలు వరసలో నిలబడండి. హాజరు నేను పిలుస్తాను.